ఎన్నేళ్లు వాడతారు?

మందమర్రి
12 జూన్ 2025

చిరంజీవి వెస్లీకి,

దేవుని కృప నీకు తోడుండాలని కోరుతూ నీ మేనమామ పౌలు రాసేది. మేమిద్దరం బాగున్నాం. బాగున్నాం అంటే, మీ అత్త మంగళవారం, శుక్రవారం మంచిర్యాల పోయి డయాలసిస్ చేయించుకుని వస్తోంది. వచ్చిన రోజు పడుకుంటుంది. మరునాడు లేచి నన్ను తిడుతుంది. తిట్టిన రోజు బాగున్నట్టు లెక్క.

ఉత్తరాలెందుకు, ఫోన్ చెయ్యరాదా అని పోయినసారి అన్నావు. బొగ్గుబావిలో ఇన్నేళ్లు డ్రిల్లు మోత విన్న చెవులు నావి. ఫోన్లో ఎవరు మాట్లాడినా నాకు పొయ్యి మీద అన్నం ఉడికినట్టే వినిపిస్తుంది. పైగా ఫోన్ మాటను ప్రార్థనలో చదవలేం కదా. మా నాయన నాటి నుంచి మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. దూరాన ఉన్నవాళ్ల ఉత్తరాన్ని సాయంత్రం కుటుంబ ప్రార్థనలోనే విప్పాలి, పాట కాగానే మొదటి అక్షరం నుంచి సంతకం దాకా పైకి చదవాలి. మీ అత్త అన్నం లేకున్నా ఉంటుంది గానీ, నీ ఉత్తరం లేకుంటే ఆ పూట ప్రార్థన చప్పగా ఉందంటుంది.

అసలు సంగతికి వస్తాను. నువ్వు డిగ్రీ చదివేటప్పుడు ఆటలకని కొన్న కంప్యూటర్ ఆగిపోయింది. ముందు తెర మీద గీతలు వచ్చాయి, తర్వాత అంతా నలుపు. మీసేవలో పనిచేసే సిద్దిరాములు వచ్చి చూసి, "గ్రాఫిక్స్ కార్డు ఖతమైంది కాకా" అన్నాడు, తెర మీద బొమ్మ చూపించేది ఆ కార్డేనట. దుమ్ము వల్ల అనుకోవడానికి లేదు. మన కాలనీ బొగ్గు దుమ్ము సంగతి తెలిసి మీ అత్త తన పాత చీరతో దానికి గలీబు కుట్టి, నడిచేటప్పుడు కూడా తియ్యకుండా కప్పి ఉంచింది.

ఆ కంప్యూటర్ ఆమెకు ఏమిటో నీకు వేరే చెప్పాలా? మన మోదుగుపల్లె ఓపెన్‌కాస్ట్ గని కింద పోయింది. ఇప్పుడక్కడ తొంగి చూస్తే కళ్లు తిరిగే గొయ్యి ఉంది. ఊరంటూ మిగిలింది నువ్వు ఆమెను అడిగి అడిగి, ఆటల్లో బొమ్మల ఊరిలా ఇల్లిల్లూ కట్టి ఆ పెట్టెలో పెట్టిందే. రోజూ సాయంత్రం ఆమె బాణం గుర్తు బటన్లు నొక్కుకుంటూ చర్చి దగ్గర బయలుదేరి, మంచినీళ్ల బావి మీదుగా తన పుట్టింటి దాకా పోయి వచ్చేది. ఇప్పుడు నల్లటి తెర ముందు కూర్చుంటోంది. డాక్టరు చెప్పింది నీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కంటి ముందు తన ఊరు ఉండాలి, అంతకు మించి ఆమె ఏమీ అడగడం లేదు. చాలాకాలం మన్నే కార్డు చూసి పంపు. మధ్యలో మళ్లీ చీకటైతే ఆమె తట్టుకోలేదు.

ఇట్లు,
నీ మామ పౌలు


కరీంనగర్
20 జూన్ 2025

మామయ్యకు, అత్తమ్మకు వెస్లీ నమస్కారాలు.

మామా, ఉత్తరం అందింది. ముందు నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. కార్డును చంపింది దుమ్ము కాదు, గలీబు. కార్డుకు ఫ్యాన్లు ఎందుకుంటాయి? వేడిగాలి బయటికి తోసి, చల్లగాలి లోపలికి లాగడానికి. చీర కప్పితే అది తన వేడిలో తానే ఉడికిపోతుంది. గాలి లేని చోట మనిషి బతకడని బొగ్గుబావిలో కొత్తవాళ్లకు నేర్పినవాడివి నువ్వు. నీ ఇంట్లోనే గాలి ఆడనివ్వలేదు. కంప్యూటర్ ఆపి, చల్లారాక మాత్రమే కప్పండి. గలీబు కుట్టు మాత్రం బాగుండే ఉంటుంది, అత్తమ్మది కదా.

ఇక కార్డు సంగతి. మా కంప్యూటర్ల దుకాణంలోకి ఎవరొచ్చినా ముందు ధర చెప్పం. "ఎన్నేళ్లు వాడతారు?" అని అడుగుతాం. సేటు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. కొత్త కొత్త ఆటలు ఆడే కాలేజీ పిల్లలైతే మెమరీ ఎక్కువున్న కార్డు చూపిస్తాం, పన్నెండు జీబీ, పదహారు జీబీ. ఎవరో రాత్రింబవళ్లు నడిపి అమ్మేసిన పాత కార్డులు చౌకగా వస్తాయి, అవి అస్సలు వద్దంటాం. కంపెనీవాళ్లు ఇంకా ఎన్నాళ్లు దాని సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు పంపుతారో కూడా చూస్తాం. అవి ఆగిపోతే కార్డు బతికున్నా చచ్చినట్టే.

అత్తమ్మకైతే అన్నేళ్లు నడిచే కార్డు అక్కర్లేదు. ఎనిమిది జీబీది, చిన్నది చాలు. ఊరికే పెద్దది కొని ఏం చేస్తాం? మీరు సరేనంటే వచ్చే వారమే పంపిస్తాను. ఆదివారం దుకాణంలో గిరాకీ ఎక్కువ కనుక రావడం కుదరడం లేదు.

మీ
వెస్లీ


మందమర్రి
3 జూలై 2025

చిరంజీవి వెస్లీకి మామ దీవెనలు.

నీ ఉత్తరం శనివారం నాడు వచ్చింది. పద్ధతి ప్రకారం ప్రార్థనలోనే కవరు చింపాను. పక్కింటి చంద్రవ్వ కూడా వచ్చి కూర్చుంది. గలీబు మాట చదివితే మీ అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ ఉత్సాహంగా గొంతు పెంచి చదువుతూ పోయాను. "అత్తమ్మకైతే అన్నేళ్లు నడిచే కార్డు అక్కర్లేదు" అన్న మాట కూడా అదే గొంతుతో చదివేశాను. చెవిటివాడి గొంతు ఎంత పెద్దగా ఉంటుందో నీకు తెలుసు. కాలనీ సగం విని ఉంటుంది.

చంద్రవ్వ తల దించుకుంది. నేను మిగతా వాక్యాలు ఎలా చదివానో నాకే తెలియదు. మీ అత్త మాత్రం ప్రార్థన చేసింది. నీ కోసం కూడా చేసింది. ఆమెన్ అన్నాక మెల్లగా అన్నది, "పోరడు తప్పేమన్లే. దుకాణపోడు గద, లెక్క సరిగ్గనే చెప్పిండు. ఎన్నేండ్లో నన్నడిగితే నేనేం చెప్తా? దేవున్నడిగి చెప్పుమని రాయి."

ఆ రోజు నుంచి ఆ గదిలోకి పోవడం లేదు. కార్డు వద్దన్నది. "ఉన్నన్ని దినాలు కిటికీల నుంచి సూస్త" అంటోంది. కిటికీలోంచి కనిపించేది ఎదురింటి నీళ్ల ట్యాంకు.

నాకు కోపం వచ్చింది వెస్లీ. దాచుకోను. మీ అవ్వా బాపూ పోయాక తల్లీ తండ్రీ లేని నిన్ను చంకన వేసుకుని తిరిగిన మనిషికి నువ్వు ఏళ్లు లెక్కపెడతావా? వెయ్యి అబద్ధాలాడినా ఫర్వాలేదు గానీ, ఆమెకు పదేళ్ల కార్డు కావాలి అని రాయలేకపోయావా?

పౌలు


కరీంనగర్
9 జూలై 2025

మామా, ఈ ఉత్తరం కూడా గట్టిగా చదువు. చంద్రవ్వను కూడా పిలువు.

అత్తమ్మా, నేను రాసింది నీ ఏళ్ల గురించి కాదు. ఊరి గురించి. ఆటలు ఏటేటా బరువెక్కుతాయి, వాటి కోసం కార్డు పెద్దదవ్వాలి. మోదుగుపల్లె ఇక పెరగదు. పోయిన ఊరు కదా, ఎన్ని ఇళ్లున్నాయో అన్నే ఉంటాయి. అందుకే చిన్న కార్డు చాలన్నాను. ఆ ముక్క రాయకుండా వదిలేశాను. దుకాణంలో రోజుకు పదిమందికి చెప్పి చెప్పి, మాట సగమే నోట్లోంచి వచ్చే అలవాటైంది.

నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

మామా, నీకు అబద్ధం చెప్పను. అది రాసేటప్పుడు డాక్టరు మాట నా మనసులో ఏ మూలనా లేదని ప్రమాణం చేయలేను. ఉండే ఉంటుంది. లేకుంటే ఆ వాక్యాన్ని అంత తొందరగా ఎందుకు దాటేశాను? నాకు సిగ్గుగా ఉంది.

దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కార్డు మంచిర్యాల బస్సులో పార్సిల్ పంపుతున్నాను. మూడు ఫ్యాన్లు, పదహారు జీబీ. ఇది చాలా ఏళ్లు వస్తుంది. అత్తమ్మా, చాలా ఏళ్లు.

మీ వెస్లీ


మందమర్రి
24 జూలై 2025

వెస్లీకి,

నీ కార్డు వచ్చింది. అది కార్డా, రైలు పెట్టెనా? సిద్దిరాములు కంప్యూటర్ డబ్బా విప్పి అటు పెట్టాడు, ఇటు పెట్టాడు, ఎటు పెట్టినా బెత్తెడు బయటికే ఉంది. నేను ఊరుకుంటానా? హ్యాక్సా బ్లేడు తెచ్చి డబ్బా లోపలి రేకు కోశాను. బావిలో ఇరుకైన చోట మోటార్లు దించినవాణ్ని, ఈ రేకు నాకొక లెక్కా అనుకున్నాను. కార్డు పట్టింది. బటన్ నొక్కితే ఫ్యాన్లు ఒక చుట్టు తిరిగి ఆగిపోయాయి. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. "కాకా, గీ పెద్ద కార్డుకు సరిపోయే కరెంటు గీ పాత పవర్ డబ్బా ఇస్తలేదు" అన్నాడు సిద్దిరాములు.

నేను రేకు కోసే చప్పుడుకు మీ అత్త వచ్చి గడపలో నిలబడింది. అలిగాక ఆ గదికి రావడం అదే మొదలు. నా చేతులు, నేల మీద రేకు పొట్టు చూసి చాలాసేపు నవ్వింది. నీ ఉత్తరం చదివాక నాతో అన్నది, "గింత పెద్దది పంపిండంటే వానికి నా మీద కోపమొచ్చింది. నేను అలిగిన్నని వాడు అలిగిండు."

కాదని చెప్పాను. నమ్మినట్టు లేదు. నువ్వు ఎదురుగా ఉండి చెబితే ఆ సంగతి వేరు.

మామ


కరీంనగర్
4 ఆగస్టు 2025

మామయ్యకు,

తప్పు నాదే. కార్డు పంపే ముందు డబ్బా కొలత అడగాలి, పవర్ సప్లై ఎంతదో చూడాలి. దుకాణంలో కొత్తగా చేరినవాడు కూడా ఆ పొరపాటు చెయ్యడు. కార్డు మన్నాలని కాదు మామా, నా మాట మాసిపోవాలని పెద్దది పంపాను. మన్నే కార్డంటే పెద్ద కార్డు కాదు. ఆ డబ్బాలో ఇమిడి, ఆ కరెంటుకు తట్టుకుని, వేడెక్కకుండా ఊపిరి పీల్చుకుంటూ పనిచేసేదే మన్నుతుంది. నాకు తెలిసిన సంగతే, మీ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

పెద్దది తిరిగి బస్సుకు వెయ్యండి, సేటు తిట్టుకుంటూనైనా తీసుకుంటాడు. దాని బదులు రెండు ఫ్యాన్లది, పన్నెండు జీబీది పంపుతున్నాను. పొట్టిది. కరెంటు తక్కువ తాగుతుంది. దాంతోపాటు కొత్త పవర్ సప్లై, దుమ్ము లోపలికి పోకుండా గాలి మాత్రం పోయే జాలీ కూడా పెట్టాను. పదేళ్లు ఢోకా లేదు.

నేనే వచ్చి బిగించాలనుంది. పండగ ఆఫర్లు మొదలవుతున్నాయి, సేటు సెలవు మాటెత్తితే మొహం తిప్పుకుంటున్నాడు. సిద్దిరాములు బిగిస్తాడు, ఎలాగో విడిగా కాగితం మీద బొమ్మ గీసి పెట్టాను. అత్తమ్మకు నేను అలగలేదని చెప్పు. అలిగేంత పెద్దవాణ్ని ఇంకా కాలేదని చెప్పు.

వెస్లీ


మందమర్రి
14 సెప్టెంబర్ 2025

మా వెస్లీకి,

ఊరు వచ్చింది.

ఆలస్యంగా రాస్తున్నాను. మధ్యలో మీ అత్తకు జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచిర్యాలలోనే ఉన్నాం. ఇంటికి రాగానే సిద్దిరాములు కార్డు బిగించి బటన్ నొక్కాడు. ఒక్క చప్పుడు లేదు. ఆగిపోయిందేమో అనుకునేలోపు తెర మీద చర్చి కనిపించింది. నాయనా, ఇంత సాఫుగా నేనెన్నడూ చూడలేదు. చర్చి గోడకు సున్నం పెచ్చు ఊడిన చోటు కూడా కనబడింది. పాత కార్డులో చెట్లన్నీ ఆకుపచ్చ మూటల్లా ఉండేవి. ఇప్పుడు మోదుగు చెట్టు కింద రాలిన పూలు కూడా లెక్కపెట్టొచ్చు.

మీ అత్త లేచి వచ్చింది. నేను పిలవలేదు. కుర్చీలో కూర్చుని కొంగుతో తెర తుడిచింది, తెర శుభ్రంగానే ఉన్నా. తర్వాత నడవడం మొదలుపెట్టింది. పుట్టింటి అరుగు దాకా పోయి, అక్కడ ఆగి, కళ్ల నీళ్లు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. సిద్దిరాములు ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి పోయాడు.

కాసేపటికి తేరుకుని ఆమె మామూలు మనిషైంది. అంటే వంక పెట్టింది. "అన్ని ఇండ్లున్నయి గని ఒక్క మనిషి లేడు. కర్ఫ్యూ పెట్టినట్టున్నది. బావికాడ హెప్సిబాను పెట్టుమను వెస్లీగాన్ని. మంచి కార్డే పంపిండు గద, ఒక్క మనిషిని మోయదా?" అన్నది. మీ అవ్వ పేరు, నా చెల్లె పేరు, ఆమె నోట చాలాకాలానికి విన్నాను.

ఇంకో మాట కూడా అన్నది. "ఎప్పుడొస్తడో అడుగు" అని.

నీ మామ


కరీంనగర్
22 సెప్టెంబర్ 2025

మామయ్యకు, అత్తమ్మకు,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. దుకాణంలో కూడా రెండుసార్లు తీసి చదివాను.

అత్తమ్మా, మోస్తుంది. ఈ కార్డు మనుషుల్ని మోస్తుంది. అవ్వను తప్పకుండా పెడతాను. కానీ ఎలా చెయ్యను? నాకు ఆమె గుర్తు లేదు. నా దగ్గర ఉన్నది చర్చి స్త్రీల కూడికలో తీసిన ఒక్క ఫోటో, అందులో కూడా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. మనిషిని చెయ్యాలంటే ముఖం ఒక్కటే చాలదు. ఎంత పొడుగు, ఎలా నడిచేది, బిందె ఏ పక్కన ఎత్తుకునేది, అన్నీ కావాలి. మామను అడిగి లాభం లేదు, చెల్లెలి నడక ఏ అన్న చూస్తాడు? నువ్వే చెప్పు.

నీకు చూడాలని ఉందన్నావు కనుక నాకు ఇప్పుడు ఇంకే పనీ పని అనిపించడం లేదు. దుకాణం మూశాక దీని మీదే కూర్చుంటాను. క్రిస్మస్‌కు అవ్వను పూర్తిచేసి పట్టుకుని వస్తాను. మీరిద్దరూ బావి దగ్గర కలుసుకుంటే నేను పక్కనుండి చూడాలి.

మీ వెస్లీ


మందమర్రి
10 అక్టోబర్ 2025

వెస్లీకి,

మీ అత్త మంచం మీద పడుకుని చెబుతోంది, నేను రాస్తున్నాను. ఆమె మాటలే ఇవి.

"మీ అవ్వ పొట్టిది కొడుకా. నా భుజం దాకనే వచ్చేది. కొంగు నడుముకు చెక్కుకొని, బిందె కుడిదిక్కు ఎత్తుకునేది. ఎడమ చెయ్యి ఊపుకుంట నడిచేది, ఎవరితోనన్న కొట్లాటకు పోతున్నట్టు. కొట్లాట ఏముండకుండె, నడకనే గంత. నోరు తెర్వకుంటనే పాట పాడేది. నువ్వు పుట్టినంక నిన్ను ఎడమ సంకల ఏసుకునేది, ఇగ ఊపుడు బంద్. బిందె దించేటప్పుడు మొదలు మోకాలు వంగేది, నడుము వంగేది కాదు. నాకు గట్ల దించుడు రాకపోయేది, ఎన్నిసార్లు చూపెట్టినా. మంచిగ చెయ్యి. జల్ది చెయ్యి."

ఇంతే చెప్పి అలసిపోయింది. ఇక నా మాట. డయాలసిస్ సూది పెట్టే చేతి నరం సరిగా పనిచేయడం లేదు, శుక్రవారం సూది మూడుచోట్ల గుచ్చారు. అన్నం నాలుగు ముద్దలు కూడా తినడం లేదు. ఊరు చూడడం మాత్రం మానలేదు, అదీ ఇప్పుడు నేనే బటన్లు నొక్కి తిప్పుతున్నాను. "ఇటు కాదు, అటు" అని నన్ను తిడుతుంది. మధ్యలో ఒక ఆదివారం వచ్చిపో. బొమ్మ తర్వాతైనా అవుతుంది.

పౌలు మామ


కరీంనగర్
2 నవంబర్ 2025

మామా,

అవ్వ నడుస్తోంది. మొదట చేసింది పరేడ్‌లో పోలీసు నడిచినట్టుంది, తీసేశాను. అత్తమ్మ చెప్పినట్టు ఎడమ చెయ్యి ఊపు పెట్టగానే ఒక్కసారిగా మనిషైపోయింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చూసిన గుర్తే లేని తల్లిని నేను గుర్తుపట్టాను మామా, ఎలా గుర్తుపట్టానో నాకే తెలియదు.

ముఖం ఇంకా కుదరలేదు. బిందె దించడం సగమైంది. ఇప్పుడు వదిలి వస్తే చెయ్యి తప్పుతుంది. అత్తమ్మను జర ఓపిక పట్టమను. ఒక్కటి అడిగి రాయి, అవ్వ ఎక్కువగా ఏ రంగు చీర కట్టేది? ఫోటో నలుపు తెలుపుది.

డాక్టరుకు చేతి నరం సంగతి గట్టిగా చెప్పు. క్రిస్మస్‌కు ఎక్కువ రోజులు లేవు.

వెస్లీ


మందమర్రి
1 డిసెంబర్ 2025

వెస్లీ,

చీర రంగు అడిగాను. "ఏ రంగైతేంది, వాన్ని రమ్మను" అన్నది.

బయలుదేరు.

మామ


కరీంనగర్
11 జనవరి 2026

మామా,

అత్తమ్మ సమాధి దగ్గర నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశాను. ఆ గది తలుపు దాటలేకపోయాను.

నీ చివరి ఉత్తరం నాకు శుక్రవారం అందింది. అందలేదని చెప్పుకోవచ్చు, పోస్టు మీదికి తోసెయ్యొచ్చు. కానీ అందింది. చదివాను. అవ్వ ముఖం ఆ రోజే కుదిరింది, బిందె దించడం ఒక్కటే మిగిలింది. ఆదివారానికి ముగించి సోమవారం పొద్దున బస్సెక్కుదామనుకున్నాను. మూడు రోజుల్లో ఏమవుతుంది అనుకున్నాను. శనివారం చంద్రవ్వ ఫోన్ చేసింది, అత్తమ్మ పోయిందని. మూడు గంటల దారి మామా. నేను బొమ్మకు నడక నేర్పుతూ కూర్చున్నాను, అక్కడ ఆమె తలుపు వైపు చూస్తూ ఉందట. చంద్రవ్వ చెప్పింది.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు.

అవ్వను పూర్తిచేశాను. పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను, సిద్దిరాములు ఎక్కిస్తాడు. రంగు తెలియక తెల్ల చీర కట్టాను. ఇంకొకటి చేస్తాను, నువ్వు ఊఁ అంటే చాలు. అత్తమ్మను కూడా చేస్తాను. ఆమెను చెయ్యడానికి నేను ఎవర్నీ అడగక్కర్లేదు. నడక తెలుసు, గొంతు నా ఫోన్లో ఉంది, కొంగుతో తుడిచే తీరు తెలుసు. బావి దగ్గర ఇద్దరినీ పెడతాను. నీకు చూడాలనిపించినప్పుడల్లా ఉంటుంది. పన్నెండు జీబీ ఉంది, ఎంతమందినైనా మోస్తుంది. కనీసం ఇదైనా నన్ను చెయ్యనివ్వు.

వెస్లీ


మందమర్రి
20 జనవరి 2026

నా వెస్లీకి,

నీ ఉత్తరాన్ని ప్రార్థనలోనే విప్పాను. చంద్రవ్వ కూతురింటికి పోయింది. వినేవాళ్లు ఎవరూ లేరు కనుక నాకు నేనే గట్టిగా చదువుకున్నాను. కొన్ని చోట్ల ఆగాల్సి వచ్చింది.

హెప్సిబాను చూశాను. నువ్వన్నది తప్పు, అన్నలు కూడా నడక చూస్తారు. అది నా చెల్లె నడకే. కొట్లాటకు పోతున్నట్టు వచ్చింది, మోకాలు వంచి బిందె దించింది. తెల్ల చీర కూడా నప్పింది. నా నోటి నుంచి దాని పేరు వచ్చేసింది. అది బిందె ఎత్తుకుని ఇంటికి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ బిందె దించింది. మళ్లీ పోయింది. పొద్దుగూకేదాకా చూశాను. దానికి అలుపు లేదు, కార్డుకు అలుపు లేదు. నేనే అలసిపోయి తీసేశాను.

మీ అత్తను అందులో పెట్టకు బిడ్డా.

కోపంతో అనడం లేదు. నువ్వు చేస్తే అచ్చం ఆమెలాగే చేస్తావు, నాకు అదే భయం. నేను బటన్ నొక్కితే వచ్చి నిలబడుతుంది. నేను పిలిస్తే పలకదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నేను పిలిస్తే పలకకుండా ఉన్న రోజు లేదు, తిట్టైనా తిట్టేది. కార్డు పదేళ్లు ఢోకా లేకుండా పనిచేస్తుందన్నావు. ఆ పదేళ్లూ నేను పలకని మనిషి ముందు కూర్చుంటాను. నన్ను అక్కడ కూర్చోబెట్టకు.

నీకు ఇంకొకటి చెప్పాలి. మీ అత్త హెప్సిబాను అడిగింది తన కోసం కాదు. ఊరు వచ్చిన నాడే నాతో అన్నది, "నేను పోయినంక వాడు మళ్లా తల్లి లేని పిల్లగాడైతడు. వాళ్లవ్వ మొకమన్న వానికి యాదికి లేదు. నేను చెప్పకుంటే ఇంకెవరికి ఎరుక? గట్లన్న చేసుకొని సూసుకోనియ్యి" అని. నేను అది రాయబోతే వద్దన్నది. "ఇప్పుడు రాయకు, ఏడుస్తడు" అన్నది. చివరికి ఆమెకే ఓపిక అయిపోయి నిన్ను రమ్మన్నది.

నువ్వు ఆమె కోసం చేశావు, ఆమె నీ కోసం అడిగింది. మధ్యలో ఉన్న మూడు గంటల బస్సును ఎవరూ ఎక్కలేదు. నువ్వు రాకుంటే నేనైనా చంద్రవ్వను ఇంట్లో ఉంచి వచ్చి నీ చెయ్యి పట్టుకుని లాక్కురావాల్సింది. ఉత్తరం రాసి ఊరుకున్నాను. మన ఇంట్లో అందరికీ రాయడమే వచ్చు.

ఆమె మనసులో నీ మీద కోపం లేదు. తలుపు వైపు చూసిందన్నది నిజమే. కోపం ఉన్నవాళ్లు అటు చూడరు.

ఇక ఉత్తరం రాయకు. శనివారం దుకాణం మూయగానే బస్సెక్కు. ఎంత ఆలస్యమైనా నేను తినకుండా ఉంటాను. చెయ్యి అలవాటు తప్పడం లేదు, బియ్యం ఇంకా ఇద్దరికే పోస్తున్నాను.

నీ మామ
పౌలు